ఫైవ్ నైన్ అక్క

అక్క ఆఖరుగా చేసిన మామూలు పని పెన్సిలు చెక్కడం.

ఆదివారం పొద్దున కిటికీ పక్కన కూర్చుని, వర్క్‌షాపులో మైనం చిగుళ్ళు తీర్చే సన్నటి కత్తితో చెక్కింది. పొట్టు కిందపడకుండా పాత పేపరు పరుచుకుంది. అయిపోయాక ఆ పేపరు మడిచి చెత్తబుట్టలో వేసింది. ములికిని బొటనవేలి మీద ఆనించి పదును చూసుకుంది. ఏ రోజు చెక్కినా అంతే. ఆ తరవాత హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.

చెల్లెలు గుమ్మంలో నిలబడి చూస్తోంది. "పెన్సిలు మీద పెట్టే శ్రద్ధ ఒంటి మీద పెడితే ఎంత బావుండును," అంది.

"ఒళ్ళు చెక్కితే అరుగుతుందే."

"పెన్సిలు మాత్రం అరగదూ?"

"అరిగితే ఇంకోటి కొనుక్కుంటాను," అంది అక్క. అని, రేడియో మీటలు తిప్పడంలో పడిపోయింది.

ఆ మాటకి చెల్లెలు నవ్వింది కూడా.

అక్క కట్టుడు పళ్ళు చేసేది. డాక్టర్లు రోగుల నోళ్ళలోంచి తీసిన అచ్చులు డబ్బాల్లో పెట్టి పంపితే, వాటిలో ప్లాస్టర్ పోసి, మైనంతో చిగుళ్ళు తీర్చి, ఒక్కో పన్నూ వరసలో కూర్చే చిన్న వర్క్‌షాపులో పని. గోళ్ళ సందుల్లో తెల్లటి ప్లాస్టర్ ఎంత కడిగినా వదిలేది కాదు. వీధివీధంతటికీ ఆవిడ పళ్ళక్క. ఎవరెదురుపడినా మొహం కంటే ముందు నోరు చూసేది. కింది వాటాలో ఉండే ఇంటాయన చీటికీ మాటికీ చిర్రుబుర్రులాడుతుంటే, "అది కోపం కాదే, కింది సెట్టు గుచ్చుకుంటోంది," అనేది. తన విషయానికొస్తే మాత్రం నొప్పైనా నిష్టూరమైనా పళ్ళ బిగువున భరించే రకం. ఊరందరికీ పళ్ళు చేసిపెట్టి, తన పళ్ళు ఇలా నూరుకోవడానికే దాచుకుందని చెల్లెలు ఎద్దేవా చేసేది.

చెల్లెలు లాండ్రీ షాపు కౌంటర్లో బట్టలకి చీటీలు గుచ్చుతుంది. కాపురం పొసగక ఒక పెట్టె పట్టుకుని వచ్చేసిన నాడు, అక్క ఎందుకని అడగలేదు. రేడియో సామాన్లతో నిండిన అలమరలో సగం అరలు ఖాళీచేసి, "నీ చీరలు ఇక్కడ పెట్టుకో, వైర్లు తగిలితే మాత్రం లాగకు," అంది. అప్పటినుంచీ ఆ మేడమీది రెండు గదుల్లో ఒకరికొకరు.

ఈ రేడియో పిచ్చి కూడా పళ్ళ వల్లే పట్టుకుంది. రెండు వీధుల అవతల గడియారాలు బాగుచేసే ముసలాయన ఉండేవాడు. ఒకరోజు తన కొత్త పళ్ళ సెట్టుని రుమాల్లో చుట్టుకుని తిన్నగా వర్క్‌షాపుకే వచ్చాడు. నమలడానికేమీ ఇబ్బంది లేదట. 'స' అన్నప్పుడల్లా ఈల వస్తోందట.

"రానివ్వండి తాతగారూ, ఈ వయసులో ఈలేస్తే ఎవరూ చెప్పుచ్చుకోరు," అంది అక్క.

ఆయన నవ్వలేదు. ఆయనకి లైసెన్సున్న సొంత రేడియో ఉంది. ఇంట్లో కూర్చుని మైకులో మాట్లాడితే సముద్రాల అవతల తనలాంటి వాళ్ళు జవాబిస్తారు. అక్కడ ఒక్కొక్కరికీ కొన్ని అక్షరాలతో ఒక పిలుపు పేరుంటుంది. ఆయన పేరు చివర రెండు ఎస్సులు. ఎస్సుని గాల్లో 'సియెర్రా' అని పలకాలి. కొత్త పళ్ళొచ్చాక ఆయన సియెర్రా సియెర్రా అంటుంటే అవతలివాళ్ళకి రైలు కూతలా వినబడుతోంది. అక్క ముందు పళ్ళ వెనక కాస్త అరగదీసి, "ఏదీ, అనండి," అంది. అన్నాడు. ఇంకాస్త తీసింది. మళ్ళీ అన్నాడు. సాయంత్రానికి ఈల పోయింది. తను సరిచేసిన నోరు నిజంగానే సముద్రం దాటుతోందో లేదో చూద్దామని అక్క ఆయన ఇంటికి వెళ్ళింది. ఇక చెప్పేదేముంది, కోతికి కొబ్బరికాయ దొరికింది. పరీక్ష రాసింది, లైసెన్సు తెచ్చుకుంది, డాబా మీద ఇనప స్తంభం పాతి వైర్లు లాగింది.

రేడియోలో ఇద్దరు కలిస్తే మొట్టమొదట చెప్పుకునేది, నీ గొంతు నాకెలా వినబడుతోంది అన్న సంగతి. దానికి రెండంకెలు. మాట ఎంత తెలుస్తోందన్నదానికి ఒకటి నుంచి ఐదు. ఎంత బలంగా వస్తోందన్నదానికి ఒకటి నుంచి తొమ్మిది. ఫైవ్ నైన్ అంటే ఒక్క అక్షరం పొల్లుపోకుండా, పక్కన కూర్చుని చెప్పినట్టు వినబడుతోందని. దానికి మించింది లేదు. ఈ అంకెల దగ్గర అక్క మహా నిక్కచ్చి. త్రీ ఫైవ్ అయితే త్రీ ఫైవ్ అనే చెప్పేది, అవతలివాడు చిన్నబుచ్చుకున్నా సరే. "మొహమాటానికి మార్కులేస్తే వాడు వైరు సరిచేసుకునేదెప్పుడు?" అనేది.

ఆ అంకెలు మెల్లిగా అక్కచెల్లెళ్ళ మాటల్లోకి కూడా వచ్చేశాయి. పెట్టెతో వచ్చిన నాడు అక్క అడిగిందల్లా "ఎంత?" అని. చెల్లెలు "వన్ వన్" అంది. అక్క తలూపి స్టవ్ వెలిగించింది. అక్కకి జ్వరమొస్తే, "త్రీ ఫోర్. కబుర్లాపి దుప్పటి పట్రా." నడుం పట్టేస్తే, "ఫోర్ సిక్స్. వంగలేను, చీపురు నువ్వందుకో." వర్క్‌షాపు నుంచి మెట్లెక్కి వస్తూనే, అడక్కుండానే అంకె చెప్పేది. ఎన్నడూ తప్పు చెప్పలేదు. థర్మామీటరుని నమ్మినట్టు చెల్లెలు ఆ అంకెల్ని నమ్మింది.

ఆ ఏడాది మెట్ల మధ్యలో అక్క ఆగడం మొదలుపెట్టింది. రెయిలింగు పట్టుకుని, మెట్ల మీది బూజు చూస్తున్నట్టు తల పైకెత్తి నిలబడేది. "ఫోర్ ఫైవ్," అనేది పైకొచ్చాక. కొన్నాళ్ళకి "ఫోర్ త్రీ. ఎడం భుజం లాగుతోంది." పొద్దస్తమానం చేత్తో పళ్ళు అరగదీసే మెషిన్ పట్టుకుంటాం కదా అని తనే కారణం వెతికి పెట్టింది. చెల్లెలు వినలేదు, ఈడ్చుకెళ్ళి గుండె డాక్టరుకి చూపించింది. ఆయన కాగితాలు చూసి గొంతు తగ్గించి మాట్లాడాడు. ఆలస్యం చెయ్యొద్దన్నాడు. ఆస్పత్రిలో చేరి గుండె నాళాల్లోకి చిన్న గొట్టం పంపి చూడాలి. దానికి శనివారం రమ్మన్నారు.

ఏడాదికొకసారి వచ్చే పెద్ద పోటీ కూడా ఆ శనివారమే.

పోటీ అంటే, ఒక మధ్యాహ్నం నుంచి మర్నాడు మధ్యాహ్నం దాకా దేశదేశాల రేడియోలవాళ్ళంతా ఒకేసారి గాల్లోకి దిగుతారు. ఎవరెంత మందిని పలకరిస్తే వాళ్ళకన్ని మార్కులు. పలకరింపంటే కుశలప్రశ్నలు కాదు. పిలుపు పేరు, రెండంకెలు, తన వరస నంబరు. అంతే, తరవాతి మనిషి. ఈ మూల నుంచి పలికేది ముసలాయనా అక్కా ఇద్దరే కాబట్టి, అక్క గొంతు వినబడితే చాలు, అందరూ ఒక్కసారి ఎగబడేవారు. బయట నుంచి వింటే తేనెతుట్టె కదిపినట్టుండేది.

"శనివారం కుదరదే," అంది అక్క.

"ఏం, నువ్వు పలక్కపోతే దేశాలు మూగబోతాయా?"

"మూగబోవు. నాకే తోచదు. ఏడాదంతా నోరు లేని పళ్ళతో మాట్లాడతాను, ఒక్క రోజు నోరున్నవాళ్ళతో మాట్లాడనీ."

"చూడు, నాతో వేళాకోళం వద్దు."

"సోమవారానికి మార్చమని నేనే ఫోన్ చేశాను. సోమవారం పొద్దున్నే నీ వెనకే వస్తాను, కుక్కపిల్లలా. రాకపోతే డాబా మీద ఆ స్తంభం నీ చేత్తో పీకించెయ్."

చెల్లెలు డాక్టరు కాగితాలు మడిచి అలమరలో పెట్టింది. తరవాత, "మధ్యలో ఏమాత్రం తేడాగా ఉన్నా చెప్తావా?" అంది.

"అడుగు, చెప్తాను. నీ దగ్గర ఎప్పుడైనా దొంగ అంకె చెప్పానా?"

చెప్పలేదు. అందుకే ఒప్పుకుంది. సోమవారం ఎంతో దూరంలో లేదు. నడుమ ఉన్నది ఒక్క పోటీ.

శనివారం మబ్బు కమ్మింది. కురవదు, విడవదు. గాలి స్తంభించి బట్టలు తీగ మీదే మగ్గిపోయాయి. గాలి లేకపోయినా డాబా మీది వైర్లలో సన్నటి జుమ్మనే మోత, చెవిలో దోమ దూరినట్టు. చెల్లెలు దుప్పట్లు తియ్యడానికెళ్ళి, ఆ మోతకి స్తంభం మీద చెయ్యేసి చూసింది. ఇనుము సన్నగా వణుకుతోంది. చెయ్యి తీసేసుకుంది.

మధ్యాహ్నం అక్క గొంతు మొదలైంది. ఫైవ్ నైన్, నంబరు. ఫైవ్ నైన్, నంబరు. పక్క గదిలో ఇస్త్రీ చేస్తూ చెల్లెలు వింటూనే ఉంది. నంబరు మెట్లెక్కుతున్నట్టు పైకి పోతోంది, ముందున్న అంకె మాత్రం మారడం లేదు.

"అందరూ బాగానే వినబడుతున్నారే ఈసారి! ఒక్కడికీ తక్కువ మార్కు లేదు," అంది.

అక్క ఒక చెవి మీది హెడ్‌ఫోను పక్కకి జరిపి, "పోటీ కదే," అని నవ్వి, మళ్ళీ చెవి మూసుకుంది.

కింద నుంచి ఇంటాయన అరిచాడు. "ఏమ్మా పళ్ళక్కా! నా టీవీలో వార్తలు చదివే అమ్మాయి మీ గొంతుతో మాట్లాడుతోంది!"

"ఈ ఒక్క రోజు ఓర్చుకోండి బాబాయ్‌గారూ," అంది చెల్లెలు రెయిలింగు మీంచి.

"ఒక్క రోజని ప్రతి ఏడూ అంటారు. అయినా ఆవిడ అంతలేసి కేకలేసి పిలుస్తుంది, వచ్చేవాడు ఒక్కడూ కనబడడేం?"

"వస్తే కాఫీ ఎవరిస్తారని రానివ్వడం లేదు."

ఆయన గొణుక్కుంటూ టీవీ కట్టేశాడు. చెల్లెలు ఇస్త్రీ పూర్తిచేసి అక్క ముందు కంచం పెట్టింది. సాయంత్రానికి కంచం అలాగే ఉంది. "ఎంత?" అని అడిగింది. "ఫైవ్ నైన్," అంది అక్క, మైకు మీంచి చూపు తియ్యకుండానే. ఆ మాట విన్నాక చెల్లెలు కడుపునిండా తిని, హాయిగా పడుకుంది.

ఆదివారం పొద్దున అక్క మొహం ప్లాస్టర్ రంగులో ఉంది. నిద్రలేక అనుకుంది చెల్లెలు. ఏడాదికొకసారి ఆ రంగు చూస్తూనే ఉంది. పెన్సిలు చెక్కుకుంది, వేళాకోళమాడింది, మామూలే. బయట మబ్బు ఇంకా కిందికి దిగి డాబాల మీద కూర్చున్నట్టుంది. రోజూ పిట్టగోడ మీద వాలి గోలచేసే పిచ్చుకలు ఆ పూట రాలేదు. వైర్ల మోత వాటికి నచ్చలేదేమో.

కూరగాయలు తరుగుతుంటే చెల్లెలి కత్తి ఒకచోట ఆగింది. అక్క ఇప్పుడు చెప్పిన వరస నంబరు ఇందాక చెప్పిందే. ఒక మెట్టు ఎక్కాల్సిన కాలు ఉన్నచోటే పడినట్టు అనిపించింది. వెంటనే ఇంకొకరు పలికారు, అక్క మళ్ళీ అదే నంబరు చెప్పింది.

చెల్లెలు తలుపు తోసింది. "నంబరు మార్చడం మర్చిపోతున్నావే."

అక్క ఆమె వంక చూసింది. ఎక్కడో చాలా దూరంలో ఉన్న వస్తువుని పోల్చుకుంటున్నట్టు చూసింది. "ఆఁ? అవునా?" అంది. పెన్సిలుతో ఏదో దిద్దుకుంది. తరవాత వాల్యూం మీట మీద చెయ్యేసి కుడివైపుకి తిప్పింది. ఇంకా తిప్పింది. హెడ్‌ఫోన్లలోంచి గుంపు గోల గుమ్మం దాకా పొంగుకొచ్చింది, అయినా అక్క నొసలు చిట్లించి, చెవులు అదిమి పట్టుకుని వింటోంది.

"ఎంత?" అంది చెల్లెలు.

అక్క వెంటనే చెప్పింది. "ఫైవ్ నైన్."

మైకులో చెప్పే గొంతుతోనే చెప్పింది. చెల్లెలు ఇంకొక్క క్షణం నిలబడి, పొయ్యి మీద మూకుడు మాడుతోందని వెళ్ళింది.

పోటీ ముగిసేందుకు ఇంకాస్త సేపుందనగా అక్క గొంతు ఆగిపోయింది. నీళ్ళు తాగుతోందనుకుంది చెల్లెలు. కుళాయి కట్టి విన్నది. గుంపు గోల మాత్రం వస్తోంది, సన్నగా, డబ్బాలో పెట్టి మూసిన ఈగల్లా. ఎవరెవరో అక్క పిలుపు పేరే పిలుస్తున్నారు. ఒకడు ఆగగానే ఇంకొకడు.

అక్క బల్ల మీదికి ఒరిగి ఉంది. చెంప కాగితం మీద ఆనించుకుని, అలిసిపోయిన పిల్ల పుస్తకం మీద నిద్రపోయినట్టు. పెన్సిలు నేల మీద పడింది, ములికి విరగలేదు. హెడ్‌ఫోన్లు ఒక చెవి నుంచి జారి, అందులోంచి దేశాలన్నీ ఆమెను పిలుస్తున్నాయి.

"అక్కా! అక్కా!"

చెల్లెలు భుజం పట్టి కుదిపింది. తల అటు నుంచి ఇటు వాలింది. అప్పుడేం చెయ్యాలో తోచక, చెవి పక్కనే అంతమంది మాట్లాడుతున్నారు కదా అని, మైకు మీట నొక్కింది. "అక్క పలకడం లేదండీ! ఎవరైనా డాక్టరుకి చెప్పండి! రెండు వీధుల అవతల గడియారాల షాపు తాతగారికి చెప్పండి! అక్క పలకడం లేదు!"

మీట వదిలింది. గోల ఒక్కసారి సద్దుమణిగింది. ఒక మగ గొంతు, ఏ దేశందో, స్పష్టంగా అంది. "ఫైవ్ నైన్. థాంక్యూ."

చెల్లెలికి ప్రాణం లేచొచ్చింది. విన్నాడు. ఒక్క మాట పొల్లుపోకుండా విన్నాడు. ఎవరో ఒకరికి చెప్తాడు. అక్క తల ఒళ్ళో పెట్టుకుని, వీధిలో ఏదైనా బండి ఆగుతుందేమోనని చెవి పెట్టి కూర్చుంది. గోల మళ్ళీ మొదలైంది. ఏ బండీ ఆగలేదు. ఒళ్ళో తల బరువెక్కుతోంది. అప్పుడు రెయిలింగు దగ్గరకి పరుగెత్తి ఇంటాయన్ని పిలిచింది. ఆయన చెప్పుల్లేకుండా మెట్లెక్కి వచ్చాడు. ఆయనే బండి పిలిచాడు, ఆయనే సొంత బిడ్డని మోసినట్టు అక్కని మోశాడు. ఆస్పత్రిలో వాళ్ళు ఎక్కువసేపు ప్రయత్నించలేదు.

సోమవారం పొద్దున్న ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది, పేరు నమోదు చేసుకున్న మనిషి ఇంకా రాలేదేమని.

కొన్నాళ్ళకి చెల్లెలు ముసలాయనకి కబురుపెట్టింది, స్తంభం తీయించాలని. ఇంటాయన వద్దన్నాడు, ఉండనివ్వమ్మా నా టీవీకి అలవాటైపోయింది అన్నాడు. కానీ అక్క మాట ఒకటుంది, సోమవారం రాకపోతే పీకించెయ్ అని. ముసలాయన కూలివాణ్ణి తెచ్చి స్తంభం దింపించి, తను పిట్టగోడ మీద కూర్చుని వైరు చుట్ట చుడుతున్నాడు. చెల్లెలు మంచినీళ్ళు పట్టుకెళ్ళింది. ఇన్నాళ్ళూ గొంతులో ముల్లులా ఉన్న మాట అడిగేసింది.

"తాతగారూ, ఆ రోజు నేను మైకులో కేకలేశాను. ఒకాయన విన్నాడు. ఫైవ్ నైన్ అన్నాడు. అంత బాగా విని కూడా ఎవరికీ ఎందుకు చెప్పలేదండీ?"

ఆయన చుట్టడం ఆపాడు. చెంబు పక్కన పెట్టాడు.

"వినలేదమ్మా వాడు. నువ్వేమన్నావో వాడికేం తెలుస్తుంది? తన వంతు వచ్చిందనుకుని ఉంటాడు." వైరు చుట్ట మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "పోటీలో అందరికీ ఫైవ్ నైనే. వినబడినా అంతే, వినబడకపోయినా అంతే. నిజం మార్కు ఎవరూ ఇవ్వరు, ఇస్తే అవతలివాడు రాసుకోలేక తడబడతాడు, టైం పోతుంది. మా వాళ్ళందరికీ అది ఊతపదం. నోరు దానంతటదే అనేస్తుంది. మీ అక్క నీకు చెప్పలేదూ?"

చెల్లెలు డాబా నేల వంక చూస్తూ నిలబడింది. స్తంభం తీసిన చోట గుండ్రటి గుంట, చుట్టూ తుప్పు మరక.

"నేనడిగినా అదే అంది," అంది.

ముసలాయన వైరు చుట్ట ఒళ్ళో పెట్టుకుని, దాన్నే అటూ ఇటూ తిప్పాడు. తరవాత ఆ పళ్ళతోనే, అక్క ఈల తీసేసిన ఆ పళ్ళతోనే, మెల్లిగా చెప్పాడు.

"నాకు మాత్రం అనలేదమ్మా. ఆ పూట పొద్దున నేనూ పిలిచాను, మన ఊరి మనిషినొకసారి పలకరిద్దామని. రెండు వీధుల దూరం, నా గొంతు ఆవిడ చెవులు బద్దలయ్యేలా వినబడాలి. త్రీ టూ అంది. మళ్ళీ చెప్పమన్నాను, మళ్ళీ త్రీ టూ అంది. ఆవిడ మార్కు తప్పదు కదా, నా వైరే ఎక్కడో తెగిందనుకున్నాను. పోటీ వదిలేసి నిచ్చెనేసుకుని మా డాబా ఎక్కాను, ఈ కాళ్ళతో. మొదలు నుంచి చివర దాకా పట్టుకుని చూశాను. వైర్లన్నీ బాగానే ఉన్నాయి."